టిన్ను మీద ఎర్ర గీత

ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతూ కనిపిస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. ఇందులో దాచుకోవడానికేమీ లేదు, నన్ను ఎరిగిన వాళ్లందరికీ తెలుసు. ఎవరింటికైనా పేరంటానికి వెళ్లినప్పుడు పక్కగదిలో లైటు ఊరికే వెలుగుతుంటే నా మనసు పసుపు కుంకుమల మీద నిలవదు. లేచి వెళ్లి ఆపేసి వస్తే గానీ కుదురుగా కూర్చోలేను. ఆ ఇంటివాళ్లు ఏమనుకుంటారో అని మా ఆయన తల పట్టుకుంటాడు. అనుకుంటే అనుకోనీ అంటాను.

నేను నర్సీపట్నంలో ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. అక్కడా ఇదే వరస. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకునే వేళకి నేను గదిగదికీ తిరిగి కంప్యూటర్ల తెరలు, లైట్లు, ఎవరూ లేని కుర్చీల మీద గాలి వీస్తున్న ఫ్యాన్లు ఆపుకుంటూ వస్తాను. చేతులు కడిగే కుళాయి కారుతుంటే ప్లంబరు వచ్చేదాకా కింద బకెట్టు పెట్టి, ఆ నీళ్లు వరండాలో మొక్కలకి పోయిస్తాను. కొత్తగా వచ్చిన ఆఫీసరుగారు ఇది గమనించి, ఎలాగూ చేస్తున్నారు కదా అని, కరెంటు నీళ్లు పొదుపు చేసే బాధ్యత నాకే రాసిచ్చేశారు. అప్పటినుంచి వెనకాల నన్ను స్విచ్చుల మేడంగారు అంటున్నారని అటెండరే చెప్పాడు. నాకు కోపం రాలేదు, నిజం చెప్పొద్దూ, కొంచెం గర్వంగానే అనిపించింది.

ఈ పిచ్చి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మేం అద్దెకున్న ఇంటి బోరు కొన్నేళ్ల క్రితం ఒక ఎండాకాలంలో ఎండిపోయింది. మోటారు వేస్తే పైపులోంచి నీళ్లకి బదులు గాలి వచ్చింది, గరగరమని ఒక చప్పుడుతో. ఆ చప్పుడు నా చెవుల్లో ఉండిపోయింది. నెలరోజులు పక్కవీధి నుంచి బిందెలు మోశాం. ట్యాంకరు వస్తే ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వరసలో నిలబడ్డాను. చివరికి ఇంటి ఓనరుగారు మరో బోరు వేయించారు గానీ, విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి మెత్తగానే ఒక మాట అన్నారు: "ఇది కూడా పోతే నా వల్ల కాదమ్మా, మీరు వేరే ఇల్లు చూసుకోవాలి." అప్పటినుంచి రోజూ పొద్దున్న మోటారు స్విచ్చి వేసి, పైన ట్యాంకులో నీళ్లు పడే చప్పుడు వినిపించేదాకా నేను ఊపిరి బిగబట్టుకునే నిలబడతాను. మా ఆయన ఉద్యోగం చింతపల్లిలో, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్న వెళ్లిపోతాడు. అంచేత ఈ భయం వారంలో ఐదు రోజులు నా ఒక్కదానిదే.

భయం ఉన్నచోట నియమాలు పుట్టుకొస్తాయి. మా ఇంట్లో అవి చాలా ఉండేవి. ఫ్లష్ ట్యాంకులో ఇసక నింపిన సీసా ఒకటి పడుకోబెట్టాను, ప్రతిసారీ ఒక సీసాడు నీళ్లు మిగులుతాయని. బియ్యం కడిగిన నీళ్లు పెరట్లో కుండీలో ఉన్న కరివేపాకు మొక్కకి. వాషింగ్ మెషీన్ రెండోసారి వదిలే నీళ్లు గచ్చు తుడవడానికి. పప్పు గంటసేపు నానితేనే కుక్కరెక్కుతుంది. ఏం కావాలో ఆలోచించుకున్నాకే ఫ్రిజ్ తలుపు తియ్యాలి. ఇస్త్రీ ఆదివారం ఒక్కసారే. ఇవన్నీ గుర్తుండడం కోసం, విశాఖపట్నంలో చదువుకుంటున్న మా అమ్మాయి వదిలేసి వెళ్లిన ఎర్ర గోళ్లరంగు సీసా తీసుకుని ఇల్లంతా గుర్తులు పెట్టాను. స్నానాల బకెట్టుకి లోపల ముప్పావు దగ్గర ఒక గీత, అంతకు మించి పట్టుకోకూడదు. స్విచ్చుల మీద చుక్కలు, గదిలోంచి బయటికొస్తే ఆ చుక్క ఉన్నవి ఆపెయ్యాలి. తాగే నీళ్ల టిన్ను మీద మరో గీత.

ఆ టిన్ను సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మాకు రెండు ఇరవై లీటర్ల టిన్నులు ఉన్నాయి. ఒకటి వంటింట్లో స్టూలు మీద, అడుగున చిన్న కుళాయితో. రెండోది మూల నిండుగా. వాటర్ ప్లాంటు ఆటో అబ్బాయి ఖాళీది పట్టుకెళ్లి నింపి తెస్తాడు. ఎండాకాలం వాళ్లకీ నీళ్లు చాలక, ముందురోజు చెబితేనే తెస్తున్నాడు. అందుకని స్టూలు మీది టిన్నుకి అడుగునుంచి జానెడు ఎత్తున ఎర్ర గీత గీశాను. నీళ్లు అక్కడికి దిగితే ఆటోకి ఫోన్ చెయ్యాలని, అంతే. తాగొద్దని కాదు. ఆ తేడా నాకు తెలుసు. నాకు తెలుసు కాబట్టి ఇంకెవరికైనా తెలియకపోవచ్చునని తోచలేదు.

ఏప్రిల్‌లో మా అత్తగారు వచ్చింది. కృష్ణదేవిపేట దాటాక ఉన్న పల్లె ఆవిడది. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ చేయించాం, మళ్లీ చూపించుకునేదాకా మా దగ్గరే ఉండమన్నాం. డెబ్భై దాటాయి గానీ ఊళ్లో ఉంటే ఇప్పటికీ పొద్దున్నే మడి గట్టు మీద కనిపించే మనిషి. చదువు లేదు. మాట నెమ్మది. కట్టు విప్పాక ఆవిడ ఇల్లంతా తిరిగి ఒక్కొక్కటే చూసుకుంది. వంటింట్లోకి వచ్చి టిన్ను ముందు నిలబడి, "ఈ ఎర్ర గీత ఎంత బాగా అవుపడతందో అమ్మా. మొన్నటిదాకా టిన్నే అవుపడ్లేదు నాకు," అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

అంతకుముందు, ఆవిడ వచ్చిన రోజే ఒకటి జరిగింది. ఆవిడ చెంబు నిండా నీళ్లు పట్టుకుంది, తల పైకెత్తి, పెదవికి తగలకుండా గటగటా తాగింది. ఊళ్లో పని నుంచి వచ్చినవాళ్లు తాగే తీరు అది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. తర్వాత చెంబులో మిగిలిన నీళ్లు అలవాటుగా పెరట్లోకి విసిరేసింది.

"అత్తయ్యా! అవి కొన్న నీళ్లండీ!" అని అరిచాను. అరిచాననే చెప్పాలి.

ఆవిడ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నీల్లు కొనుక్కుంతారేటమ్మా? నాకు తెల్దు," అంది. నేను కాస్త తగ్గి, బోరు ఎండిపోయిన కథంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది, పాపం అంది. నేను ఆ ఊపులోనే బకెట్టు గీత, స్విచ్చుల చుక్కలు, టిన్ను గీత అన్నీ ఆవిడ చేత తడిమించి చూపించాను. "బకెట్లో గీత దాటకూడదు. ఇక్కడ నీళ్లు గీత దాకా వస్తే నాకు ఫోన్ చెయ్యండి," అన్నాను. మర్నాటి నుంచి ఆవిడ చెంబు ముట్టుకోలేదు. మజ్జిగ తాగే చిన్న గ్లాసు ఒకటి ఏరుకుంది. నేను చూశాను. బాగానే నేర్చుకుంటోంది అనుకున్నాను.

మే మొదట్లో ఒకరోజు పదకొండు గంటల వేళ ఆఫీసరుగారి గదిలో మీటింగు. నా ఫోన్ మోగింది. టేబుల్ కిందకి వంగి ఎత్తాను. ఫోన్‌లో అరిచి మాట్లాడితేనే వినిపిస్తుందనుకుంటుంది ఆవిడ, గదంతా వినిపించింది.

"అమ్మా, నీల్లు గీత కాడికి వచ్చీసినాయి!"

ఎవరో కిసుక్కుమన్నారు. నాకు తల తీసేసినట్టయింది. "అప్పుడే ఎలా అయిపోయాయి? పొద్దున్న సగం పైన ఉన్నాయి కదా! నేను మీటింగులో ఉన్నాను, ఇలాంటివాటికి ఫోన్ చేస్తారా?" అని పళ్లు బిగించి అని పెట్టేశాను.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పుల స్టాండు పక్కన బ్యాగు పెడుతుంటే గుర్తొచ్చింది. ఆ వేళ పొద్దున్న ఆఫీసులో ఫిల్టరు పాడైందని మూడు పెద్ద సీసాల నిండా నీళ్లు నేనే పట్టుకెళ్లాను. సాంబారుకి కూడా ఆ నీళ్లే వాడాను. టిన్ను ఖాళీ చేసింది నేనే. ఆ మాట మా అత్తగారికి చెప్పాలి కదా. చెప్పలేదు. ముఖం చెల్లక కాదు, అంత పెద్ద విషయంగా అనిపించలేదు. ఆవిడ నన్ను చూడగానే, "అన్ని నీల్లు నానే తాగీసినానేటో అమ్మా, సూసుకోలేదు," అంది. నేను కుక్కరు పెడుతూ, సర్లెండి అన్నాను.

ఆ ఒక్క 'సర్లెండి'తో తప్పు ఆవిడ మీదే వదిలేశాను.

ఆ తర్వాత పదిరోజులు టిన్ను నీళ్లు ఆశ్చర్యంగా నిలిచాయి. సాయంత్రం నేను వచ్చేసరికి గీతకి బెత్తెడు పైన ఉండేవి. ఆవిడ ఫోన్ చెయ్యడం మానేసింది. పైగా ఎప్పుడొచ్చినా ఇంట్లో ఒక్క ఫ్యాను కూడా తిరుగుతూ ఉండేది కాదు. నాకు ఎంత సంతోషమో. మా ఆయనకి ఫోన్‌లో గొప్పగా చెప్పాను, "మీకు పదేళ్లుగా రాని బుద్ధి మీ అమ్మగారికి పదిరోజుల్లో వచ్చింది," అని. ఆయన నవ్వి, "ఎండలు మండిపోతున్నాయి, జాగ్రత్త," అన్నాడు. ఆయన ఎప్పుడూ అనే మాటే కదా అని ఊరుకున్నాను.

అంతటితో ఆగానా? ఆఫీసులో పొదుపు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడి, తెరలు ఆపడం దగ్గర మొదలుపెట్టి, కారే కుళాయిల మీదుగా వచ్చి, చివర మా అత్తగారిని ఉదాహరణగా చెప్పాను. అక్షరం ముక్క రాని డెబ్భై ఏళ్ల మనిషి గీతలు చూసుకుని నీళ్లు వాడుతుంటే మనకేం రోగం అని అడిగాను. చప్పట్లు కొట్టారు. అది మంగళవారం.

బుధవారం పొద్దున్న ఆవిడ ఉప్మా కెలికి వదిలేసింది. "పొత్తికడుపులో మంటగా ఉందమ్మా," అంది. ఎండకి వేడి చేసి ఉంటుంది, మజ్జిగ తాగండి అని చెప్పి నేను బస్సు పట్టుకునేదానిలా బయటపడ్డాను. మజ్జిగ గిన్నె ఫ్రిజ్‌లో ఉంది. ఫ్రిజ్ తలుపు ఊరికే తియ్యకూడదన్న నియమమూ ఉంది. ఆ రెండూ కలిపి నేను ఆలోచించలేదు.

ఒంటిగంటకి లైట్లు ఆపుకుంటూ తిరుగుతూ ఇంటికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. నిద్రపోతోందేమో అనుకున్నాను. ఒకటింపావుకి మళ్లీ చేశాను. ఆవిడ నిద్రలో కూడా ఫోన్ దిండు పక్కనే పెట్టుకుంటుంది, రెండో మోతకే ఎత్తుతుంది. మూడోసారి కూడా పూర్తిగా మోగి ఆగిపోయింది. పక్కింటావిడకి చేస్తే వెనకాల గుడి గంటలు వినిపించాయి. "ఉపమాక వచ్చినామండీ, మొక్కుంది. సాయంత్రానికి గానీ రాం. ఏటయింది?" అంది. ఏమీ లేదండీ అని పెట్టేశాను. ఏమీ లేదని ఎందుకన్నానో నాకే తెలియదు.

సూపరింటెండెంటుగారికి చెప్పి ఆటో ఎక్కాను. మామూలుగా పావుగంట దారి. ఆ రోజు ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర బస్సు అడ్డం తిరుగుతూ అయిదు నిమిషాలు ఆపేసింది. "బేగి పోనీ బాబూ," అని అంటూనే ఉన్నాను. "ఎగరమంతారేటండీ," అన్నాడు ఆటో అతను. నా బుర్రలో ఎన్ని వచ్చాయో. బాత్రూములో జారిపడిందేమో. గ్యాసు కట్టలేదేమో. మోటారు స్విచ్చి తడిచేత్తో ముట్టుకుందేమో. ఇంకో ఆలోచన కూడా వచ్చింది, రాయకుండా ఉండలేను. ఏ కుళాయో తిప్పి వదిలేసి పడిపోయి ఉంటే పైన ట్యాంకు మొత్తం ఖాళీ అయిపోతుందే అని. మనిషి కోసం పరిగెడుతూ మధ్యలో ట్యాంకు కోసం కూడా భయపడ్డాను. నేనెలాంటిదాన్నో నాకు ఆ ఆటోలోనే మొదటిసారి తెలిసింది.

తలుపు లోపల గడియ. పిలిస్తే పలకలేదు. వీధి కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి గడియ లాగాను. గది కొలిమిలా ఉంది. ఫ్యాను ఆగి ఉంది, కరెంటు ఉంది. ఆవిడ వంటింటి గోడకి జారబడి, స్టూలు పక్కన కూర్చుని ఉంది. పెదవులు అట్టకట్టుకుపోయాయి. ఫోన్ ఒళ్లోనే ఉంది. టిన్నులో నీళ్లు గీతకి కొంచెం పైన నిశ్చలంగా ఉన్నాయి.

"అత్తయ్యా!" అని భుజం పట్టుకుని కుదిపాను.

కళ్లు తెరిచి నన్ను చూసింది. నన్ను కాదు. "అక్కా, మడిలోకి నీల్లు ఇడిసినావా?" అంది. ఆవిడ అక్క పోయి పాతికేళ్లయింది.

గ్లాసు నోటికి అందిస్తే నీళ్లు పక్కనుంచి కారిపోయాయి. అదే ఆటోని ఆపి ఉంచాను కాబట్టి సరిపోయింది. ఆటో అతనూ నేనూ చెరోపక్క పట్టుకుని ఎక్కించాం. ఎంత తేలిగ్గా ఉందో ఆ మనిషి.

హాస్పిటల్లో సెలైన్ పెట్టారు, రక్తం తీసుకున్నారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. యూరిన్ ఇన్ఫెక్షన్ బాగా ముదిరిందని, ఒంట్లో నీళ్లే లేవని చెప్పింది. "కిడ్నీల రిపోర్టు సాయంత్రానికి వస్తుందండీ. అది చూస్తే గానీ ఏమీ చెప్పలేను," అంది. తర్వాత కాగితం మీద రాసుకుంటూ మామూలుగా అడిగింది: "రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతారండీ ఈవిడ?"

మా ఇంట్లో స్నానానికి ఎన్ని మగ్గులవుతాయో నాకు తెలుసు. గచ్చు తుడవడానికి ఎన్నో, బట్టలకి ఎన్నో, ట్యాంకు నిండడానికి ఎన్ని నిమిషాలో తెలుసు. కరివేపాకు మొక్కకి రోజూ ఎన్ని నీళ్లు పోస్తానో అడిగితే టక్కున చెబుతాను. ఇది మాత్రం తెలియదు.

"ఆఫీసుకి వెళ్లిపోతానండీ. చూడలేదు," అన్నాను.

డాక్టరమ్మ అదీ రాసుకుంది.

సాయంత్రం దాకా ఆ బెంచీ మీద కూర్చున్నాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా రిపోర్టేమో అని లేచేదాన్ని. కిడ్నీలు పోతే మనుషులు ఏమవుతారో మా వీధిలోనే చూశాను. వారానికి రెండుసార్లు విశాఖపట్నం తీసుకెళ్లడం, రోజురోజుకీ నల్లబడిపోవడం. ఆ మడి గట్టు మీద మనిషిని నేను అలా చేశానా? మొక్కని దేవుడు లేడు. మా ఆయన ఘాట్ దిగే బస్సులో ఉన్నాడు, సిగ్నలు వచ్చినప్పుడల్లా ఫోన్ చేసి, "వచ్చిందా?" అని ఒక్క మాట అడుగుతున్నాడు. రాలేదు అనడం, లైను తెగిపోవడం. నన్ను ఇంకేమైనా అడిగితే బాగుండును అనిపించింది. తిట్టినా బాగుండును.

ఆయన వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. రిపోర్టూ అప్పుడే వచ్చింది. కిడ్నీలకి దెబ్బ తగిలింది గానీ ఇంకా చెయ్యి దాటిపోలేదని, ఒంట్లో నీళ్లు పడితే కోలుకుంటాయని, వారం తర్వాత మళ్లీ చూడాలని చెప్పారు. సగం ప్రాణం లేచివచ్చింది. మిగతా సగం ఆ వారం చివరకి వాయిదా పడింది.

ఆవిడకి అప్పటికి తెలివి తేటగా వచ్చింది. కొడుకుని చూసింది, నన్ను చూసింది. నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఏదో కష్టం చెబుతుందనుకుని వంగాను.

"గీత దాకా దిగనివ్వలేదమ్మా," అంది. "ఒక్క రోజు కూడా దిగనివ్వలేదు. నీకు మల్లీ ఫోను సెయ్యాల్సిన పనే రాలేదు."

ఆ ముఖంలో ఎంత తృప్తి ఉందంటే, పొలం పని ముగించుకొచ్చి చెప్పినట్టు చెప్పింది. మా ఆయన నా వైపు చూశాడు. ఏం గీత అని అడగలేదు, ఆ ఇంట్లో ఉన్నవాడే కదా. నేను బయటికొచ్చి వరండా చివర నిలబడి ఏడ్చాను. అక్కడ కుళాయి ఒకటి సన్నగా కారుతోంది. నా చెయ్యి దానంతటదే వెళ్లి కట్టేసింది. ఆ చేతిని చూస్తే అసహ్యం వేసింది.

ఇంటికి తీసుకొచ్చాక మొదట చేసిన పని, గోళ్లరంగు తుడిచే మందు దూదికి అద్ది టిన్ను మీద గీత చెరపడం. ఆవిడ మంచం మీంచి చూస్తూనే ఉంది. "అదెందుకు సెరిపీసినావమ్మా? ఇప్పుడు నానెంత తాగాలో ఎలాగ తెలుస్తాది?" అని నిజంగానే దిగులుపడింది. నాకో ఉపాయం తోచింది. ఒక చిన్న రెండు లీటర్ల సీసా తెచ్చి ఆవిడ మంచం పక్కన పెట్టి, దాని అడుగున గీత గీశాను. "నేను వచ్చేసరికి నీళ్లు ఇక్కడికి దిగాలి అత్తయ్యా. ఇది డాక్టరమ్మ చెప్పిన గీత," అన్నాను. సరే అంది. పనిలో పనిగా ఫ్యాను స్విచ్చి మీది చుక్క కూడా గీకేశాను.

నాలుగు రోజులు సాయంత్రం వచ్చేసరికి సీసా సరిగ్గా గీత దగ్గర ఉంది. సరిగ్గా అంటే వెంట్రుకవాసి తేడా లేదు. నేను పొంగిపోయాను. గీతలతో వచ్చిన తప్పుని గీతతోనే దిద్దానని లోపల్లోపల భుజం తట్టుకున్నాను కూడా.

ఐదోరోజు బట్టలు తియ్యడానికి పెరట్లోకి వెళ్లాను. కరివేపాకు కుండీలో మట్టి తడిగా ఉంది. బియ్యం నీళ్లు పోసేది పొద్దున్న ఏడింటికి. మే నెల ఎండకి పదింటికల్లా ఆ మట్టి నెర్రెలిస్తుంది. సాయంత్రం ఆరింటికి వేలు పెడితే లోపలిదాకా తడి. ఇంకొకరైతే గమనించరు. ఈ ఇంట్లో ఏ నీళ్లు ఎటు వెళుతున్నాయో చూడ్డమే నా బతుకు కదా, నాకు క్షణంలో అర్థమైంది.

లోపలికి వచ్చాను. ఆవిడ నా వేలి మట్టి చూసింది. తల దించుకుంది, పరీక్షలో కాపీ కొడుతూ దొరికిపోయిన పిల్లలా. డెబ్భై దాటిన మనిషి.

"ఎందుకండీ?" అన్నాను.

"అంత తాగలేకపోతన్నానమ్మా. మద్దినేలకి సగం కూడా అవలేదు. గీత దాకా దిగపోతే..." అని ఆగింది.

"దిగకపోతే?"

"కోప్పడతావని."

గీత పైన ఉన్నా కింద ఉన్నా ఆవిడకి ఒకటే. నేనంటే భయం. బోరు ఎండిపోతుందని నేను పడ్డ భయమంతా పట్టుకొచ్చి ఆ ముసలిదాని నెత్తిన పెట్టాను. దాహం వేస్తే నీళ్లు తాగాలని పసిపిల్లకి కూడా తెలిసే సంగతిని ఆవిడ చేత మరిపించాను. నేను గచ్చు మీద ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆ రోజు మీటింగులో ఫోన్ వచ్చినప్పుడు టిన్ను ఖాళీ చేసింది నేనేనని, మూడు సీసాలు పట్టుకెళ్లానని, తెలిసి కూడా చెప్పలేదని అప్పుడు చెప్పాను.

ఆవిడ టిన్ను వైపు చూసింది. "అయితే నాను తాగీలేదా?" అంది.

"లేదు అత్తయ్యా."

"ఓలమ్మ," అని నవ్వింది. తేలికపడ్డ నవ్వు. తిట్టి ఉంటే భరించేదాన్ని.

అటకమీంచి చెంబు దించాను. నిండా పట్టి ఆవిడకిచ్చి, నాకో గ్లాసు పట్టుకున్నాను. ఆవిడ చెంబు ఎత్తబోయి, నా వైపు చూసి, దించి, "ఫేను ఏసుకోవచ్చా అమ్మా? ఉక్కగా ఉంది," అని అడిగింది. ఇన్ని రోజులూ ఆ మాట అడగడానికి కూడా ఆవిడకి ధైర్యం చాలలేదు.

ఇప్పుడు మధ్యాహ్నం ఆఫీసులో లైట్లు ఆపడం అటెండరుకి అప్పగించాను. ఆ వేళకి ఇంటికొచ్చి ఆవిడతో కూర్చుని అన్నం తిని, ఇద్దరం నీళ్లు తాగి వెళ్తున్నాను. వారం తర్వాత చేసిన రిపోర్టులో కిడ్నీల దెబ్బ తగ్గిందన్నారు, పూర్తిగా కాదు, జూన్‌లో మళ్లీ రమ్మన్నారు. బియ్యం నీళ్లు కరివేపాకుకే పోస్తున్నాను, ఇసక సీసా ఫ్లష్‌లోనే ఉంది, పొద్దున్న మోటారు వేసి ఊపిరి బిగబట్టడం మానలేదు. కాకపోతే సాయంత్రం వచ్చినప్పుడు గడప దగ్గర ఒక్క క్షణం ఆగి చెవి పెట్టి వింటాను. ఇదివరకు ఎక్కడైనా ఫ్యాను ఊరికే తిరుగుతోందేమో అని వినేదాన్ని. ఇప్పుడు తిరగడం లేదేమో అని వింటున్నాను. చాలా రోజులు లోపల నిశ్శబ్దమే. నేను వెళ్లి వేసేదాన్ని.

నిన్న గుమ్మం దగ్గరికి రాగానే టకటకమని ఫ్యాను చప్పుడు వినిపించింది. గబగబా లోపలికి వెళ్లాను. మంచం ఖాళీ. ఆవిడ పెరటి గోడ దగ్గర నిలబడి పక్కింటావిడతో ఏదో చెప్పి నవ్వుతోంది, చేతిలో చెంబు. గదిలో ఎవరూ లేరు. ఫ్యాను ఫుల్ స్పీడులో తిరుగుతోంది.

నా చెయ్యి స్విచ్చి దాకా వెళ్లింది. వెనక్కి తీసుకుని, బ్యాగు పక్కన పెట్టి, ఆవిడ వచ్చేదాకా ఆ ఫ్యాను కిందే కూర్చున్నాను.